తోడు

ఆసుపత్రి మంచం పక్కన నిలబడి
నీ ఫోను నీ ముఖానికి ఎదురుగా పట్టాను, బెల్మీరో.
అది కాసేపు చూసింది. తల అడ్డంగా ఊపింది.
కుడి పెదవి కిందికి జారింది కదా,
ఆ రెప్ప సగమే పడుతోంది కదా,
ముఖం చెల్లలేదు.
అరవై నాలుగేళ్లు మోసిన ముఖం
సొంత జేబులోని వస్తువు దగ్గరే చెల్లలేదు.

తర్వాత అంకెలు అడిగింది.
అమ్మ పుట్టినరోజు కొట్టాను. నీ పడవ నంబరు కొట్టాను.
పాత ఇంటి నంబరు సగం కొట్టి ఆగాను.
ఇంకోసారి తప్పితే అంతా చెరిపేస్తానంది.

పోర్తో కోర్టుకు వెళ్లిన రోజు వాన.
సార్డీన్ చేపల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు
డబ్బాలకు మూతలు బిగించినదాన్ని.
ఒక్క మూత తీయించడానికి
ఇన్ని సంతకాలు కావాలని నాకేం తెలుసు?

జడ్జి చిన్నపిల్ల. తీర్పులో నన్ను
యజమాని అనలేదు, కాపలా అనలేదు.
ఇక్కడి చట్టంలో ఆ మాట, తోడు.
"దెయొలిందా ఇతనికి తోడు."
విని ఏడుపొచ్చింది, ఎందుకో.

ఆ కాగితం చూసి బ్యాంకు లేచి నిలబడింది.
పింఛను వచ్చింది, పడవ షెడ్డు అద్దె కట్టాను.
ఫోను కంపెనీ మాత్రం మర్యాదగా జవాబు రాసింది:
బిల్లు మీరు కట్టవచ్చు, లోపలివి ఆయన మాటలు.
లాయరు ఫ్రగోజో కళ్లజోడు తుడుచుకుంటూ,
"పోయినవాళ్లకైతే వేరే దారి చూస్తాం.
బతికున్నవాడి రహస్యం కూడా బతికే ఉంటుందమ్మా" అన్నాడు.
పోట్లాడదామని నోరు తెరిచాను.
పక్కింటి ఎర్మెలిందా గురించి
నా ఫోనులో నేను రాసినవి గుర్తొచ్చాయి.
మూసుకున్నాను.

తాళం వేసిన తెర మీద మాత్రం
చినుకుల్లా కొన్ని రాలుతుంటాయి.
లెయిషోయెష్ రేవులో పోటు, ఉదయం ఐదూ నలభై.
మీ చదరంగం చందా చెల్లింది.
బెల్మీరో, పోలిష్ పాఠం చదివి నూట పన్నెండు రోజులు!
పోలిష్ దేనికిరా నీకు?
పోర్చుగీసే పొదుపుగా వాడేవాడివి ఇంట్లో.

ఆదివారం ఇంకొకటి. పేరు లేదు, "వ." అని మాత్రం.
ముక్కలు ముక్కలు పోర్చుగీసులో:
"ప్లమ్ పళ్లు పండాయి. నీకు కోపమా?"
గురువారం మళ్లీ:
"ఆ రాత్రి నిచ్చెన నువ్వే పట్టుకున్నావు.
అప్పుడు వదల్లేదు కదా."

ఆడో మగో తెలీదు.
పైలట్ల ఆఫీసులో అడిగాను.
పోలిష్ ఓడలా? ఏడాదికి ఎన్నో, అన్నారు.
నువ్వు పడిపోయావని ఆ మనిషికి తెలీదు.
అలిగావనుకుంటూ అక్కడ
పళ్లు కోసుకుంటున్నారు కాబోలు.

ఇంటికి తెచ్చిన వారం,
ఒక రాత్రి నీ కుడి బొటనవేలు పట్టుకున్నాను.
పొంగని రొట్టెపిండిలా చల్లగా, బరువుగా ఉంది.
అద్దానికి వెంట్రుకవాసి దూరం దాకా తెచ్చాను.
ఎవరు చూడొచ్చారు?
అప్పుడు కనిపించింది, నీ ఎడమ కన్ను తెరిచే ఉందని.
"తెరవనా?" అన్నాను.
రెప్ప వేశావు.
ఒకసారి వేస్తే అవునో, కాదో
మనం ఇంకా ఒప్పందం చేసుకోలేదు.

వేలు మెల్లగా దుప్పటి మీద పెట్టేశాను.
తోడు అన్నారు నన్ను.
తోడుకోమనలేదు.

ఇక బిల్లు కడుతుంటాను. రాత్రి ఛార్జింగ్ పెడుతుంటాను.
వెలిగినప్పుడల్లా నీ చెవి దగ్గర చదువుతాను,
పోటు, పాటు, గాలి వేగం, చదరంగం చందా.
పోలిష్ పాఠం వాళ్ల బెదిరింపు కూడా.

నిన్న సాయంత్రం "వ." వచ్చింది.
ఆ అక్షరం దాకా చూసి చూపు తిప్పేసుకున్నాను.
తెర నీ వైపు పెట్టి, చారు పొంగుతోందంటూ
వంటింట్లోకి పరిగెత్తాను.
పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.