రాయి కింద గడి

తుఫాను వెళ్ళిన నాలుగోరోజు
మోకాలి లోతు వాగులో వంగి
ఒక రాయి తిరగేశాను.
కింద ఏమీ లేదు.
ఇంకో రాయి.
తెల్ల పళ్ళెంలో ఇసుక, చివికిన ఆకు, నా మొహం.
గట్టుమీంచి ఫరావావి
పెన్సిల్ నాలిక్కి తడి చేసుకుని
"ఎన్ని?" అంది.

అక్టోబరులో ఇదే రాయికి
నూట పద్నాలుగు.
పల్చబడ్డ నీళ్ళలో, ఎండ తాగిన నాచు మీద
మూడు తోకల పిల్లలు మేస్తుండేవి.
ఇసుక రేణువుకి రేణువు అతికించి
గొట్టమంత ఇల్లు కట్టుకున్న పురుగొకటి
ఇంటిని ఈడ్చుకుంటూనే ఊరు తిరిగేది.
లెక్క తప్పి మూడుసార్లు మొదలెట్టాం.
వేళ్ళు చాలక ఫరావావి
నా వేళ్ళు అప్పడిగింది.

తర్వాత జనవరి.
మడగాస్కర్ తూర్పు కొండల మీద
తొమ్మిది రాత్రులు వాన గుక్క తిప్పుకోలేదు.
వాగుది ఎర్రమట్టి రంగు,
గొంతు మూపురమున్న ఎద్దుది.
అడుగున బండలు ఒకదాన్నొకటి కొట్టుకునే చప్పుడు
చాపలోంచి ఎక్కి నా పళ్ళలోకి వచ్చేది.
ఇంట్లో ఉండి వణికాం మేం.
ఆ బండలే ఇళ్ళయిన వాళ్ళ సంగతి
అప్పుడు నాకు తట్టలేదు.

"సున్నా వెయ్యి" అన్నాను.
పిల్ల వెయ్యలేదు.
వాళ్ళమ్మమ్మ రాతిరొయ్యలు పట్టే మనిషి,
ఈ కొండల బొరియలన్నీ ఆవిడ చేతికి తెలుసు.
పైన పారేది వాగు చర్మమేనని
ఆవిడ అంటుందట.

లంబా నడుముకి బిగించి, గట్టు దిగి
గులకరాళ్ళలో చెయ్యి దించింది ఫరావావి.
మణికట్టు దాకా. మోచేతి దాకా.
చెంప నీళ్ళకి ఆనేదాకా.
పిడికిలి తెచ్చి పళ్ళెంలో విప్పింది.

నల్లమట్టి.
కాసేపు ఏదీ కదల్లేదు.
తర్వాత ఒక నలుసు నడిచింది.

గోరంచు పొడవు లేదు.
మూడు తోకల్లో ఒకటి తెగిపోయింది.
పళ్ళెం గోడ తగిలితే వెనక్కి మళ్ళి
ఎదురీదడానికి
ప్రవాహం వెతుక్కుంటోంది.

నాకిచ్చిన కాగితంలో
"రాయి కింద" అని గడి ఉంది.
దాని కింద గడి లేదు.
అంచున ఉన్న ఖాళీలో
"ఒకటి" అని రాసింది ఫరావావి,
అంకె కాదు, అక్షరాల్లో.

స్పిరిటు సీసా మూత తీసే ఉంది.
ఇద్దరం దాని వంక చూసి
పళ్ళెం వాగులోకి వంచేశాం.

మసకవేళ ఇంటికి పోతుంటే
రెక్కలొచ్చినవి రెండో మూడో
తలల మీదుగా ఊటవైపు ఎగిరిపోయాయి,
గుడ్ల బరువుతో తూలుతూ.
వాటిని లెక్కపెట్టమని
నాకెవరూ చెప్పలేదు.