పెన్సిలుతో రాసినవి

జ్ఞానాపురం వంతెన కింద, ఆదివారం,
నూకరాజు గంప మీది తడిగుడ్డ తీసి
"అన్నీ పెట్టలేనమ్మా, నా పిల్లల మీదొట్టు" అన్నాడు.
అతనికి పెళ్ళే కాలేదని తర్వాత తెలిసింది.

ఆరు బాంటం పిల్లలు.
అరచేతిలో రెండు పడతాయి,
మూడోది పైట అంచు పట్టుకుని వేలాడుతుంది.
కాళ్ళకి ఈకల మేజోళ్ళు.

ఏ జాతంటే
నూకరాజు జపాను అన్నాడు.
ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి
సిల్కీలండీ, ఆ బొచ్చు చూడండి, అన్నాడు.
మెట్ల దగ్గర ఫిలోమినమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
"ఏటే, కొచ్చిన్ కోళ్ళివి. రైల్వే బంగళాలో
మాయమ్మ పెంచేది" అంది.
నేను వేళ్ళు లెక్కపెట్టాను. సిల్కీకి అయిదుండాలట.
అయిదింటికి నాలుగేసి.
ఆరోదానికి కుడికాలికి అయిదు, ఎడమకాలికి నాలుగు.
తల్లెవరో తండ్రెవరో,
నడిచేటప్పుడు మాత్రం రెండు కాళ్ళూ ఒకే వైపు పోతున్నాయి.

రంగు చూసి చెబుదామంటే
మన డేగా కాకీ నెమలీ లెక్కలు వీటికి పనికిరావు.
తెల్లవి నాలుగోరోజుకే బూడిదరంగు తేలాయి.
జాతి కాదు. పోర్టు బొగ్గు.
మేడ మీద ఆరేసిన దుప్పట్లదీ అదే జాతి.

ఇక, ఆడా మగా.

నేను పనిచేసేది కేజీహెచ్ ఎదర స్కానింగ్ సెంటర్లో.
నా కుర్చీ వెనక గోడకి ఎర్రక్షరాల బోర్డు:
ఇక్కడ లింగనిర్ధారణ చేయబడదు.
పదకొండేళ్ళుగా దాని కింద కూర్చుని టోకెన్లు రాస్తున్నాను.
అనకాపల్లి నుంచొచ్చిన అత్తగారొకామె
నా చేతిలో జీడిపప్పు పొట్లం పెట్టి
"నోటితో చెప్పక్కర్లేదమ్మా,
మగపిల్లాడైతే నవ్వు, కాకపోతే నవ్వకు" అంది.
పొట్లం తిరిగిచ్చేశాను.
ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
టోకెన్ల పుస్తకంలో పెట్టుకున్నాను.

సాయంత్రం మేడెక్కేసరికి వీధంతా అదే ప్రశ్న.
ఇక్కడ బోర్డు లేదు.
ఫిలోమినమ్మ పిల్లని మెడ పట్టి ఎత్తుతుంది:
కాళ్ళు ముడిస్తే పెట్ట, వేలాడేస్తే పుంజు.
సోమవారం ముడిచింది. మంగళవారం వేలాడేసింది.
కింది వాటా కానిస్టేబులు టోపీ విసిరి చూశాడు:
నక్కితే పెట్ట, మెడ సాచి నిలబడితే పుంజట.
ఆరూ వెళ్ళి టోపీలో కూర్చున్నాయి.

నేను పాలపుస్తకం వెనకపేజీలో రాసుకుంటాను, పెన్సిలుతో.
ఆరోవారం: మచ్చదాని తురాయికి ఎరుపు తిరుగుతోందా? ఎండేమో.
బొద్దుదానికి రెక్కలు బేగి వచ్చేశాయి, పెట్టేమో.
పద్నాలుగో వారం: అయిదువేళ్ళది ఛాతీ ముందుకి పెడుతోంది.
కాళ్ళు లావు. అందర్నీ పొడుస్తోంది.
పుంజు.
కింద రెండు గీతలు గీశాను.

ఇంటి ఓనరు ముందే చెప్పి ఉన్నాడు:
కూత వినబడిందా, కోళ్ళతోపాటు మీరూ.

మల్కాపురం వెల్డరు బంగార్రాజుకి ఇచ్చేశాను దాన్ని.
సంచిలోంచి తల బయటపెట్టి
షిప్‌యార్డు సైరనుకి ఏదో బదులు చెప్పబోయి
మానేసింది.

రెండు నెలలకి బంగార్రాజు కొడుకు
రెండు బస్సులు మారి టిఫిను డబ్బా తెచ్చాడు.
దూదిలో గుడ్డు. నిమ్మకాయంత. మీగడ రంగు.
"మీ పుంజు పెట్టిందండి" అన్నాడు, నవ్వకుండా.
నవ్వొద్దని వాళ్ళ నాన్న చెప్పి పంపాడట.

పాలపుస్తకం తీశాను.
మాటా పోయింది, రెండు గీతలూ పోయాయి.
నొక్కి రాసినచోట వేలితో తడిమితే
కాయితం ఇంకా చెబుతూనే ఉంది.

గూట్లో మిగతా అయిదూ సర్దుకుంటున్నాయి.
మచ్చది మెడ సాచి, నోరు తెరిచి,
ఆవలించింది కాబోలు.
కింద ఓనరు కిటికీ తెరిచిన చప్పుడు.