వాన చెక్క

ఉరవకొండలో మా ట్రెడిల్ మూలపడిన ఏడాది
డ్రాయింగు అయ్యవారు చంద్రాయుడు
జపాను బొమ్మొకటి తెచ్చి బల్ల మీద పరిచినాడు.
వంతెన. గొడుగులు. పరుగులు.
పైనుంచి కిందికి ఏటవాలుగా వాన,
వెంట్రుకంత సన్నం.

నాగలింగాచారి బొమ్మ చూడలేదు,
గీతలు చూసినాడు.
బీడీ కట్ట మీది నెమలి,
శెనగనూనె డబ్బా మీది ఎద్దు,
అన్నీ ఆయన ఉలి కింద
తిరగబడి పుట్టినవే.
భూతద్దం దించి, చానాసేపటికి:
"వాడు వానను చెక్కలేదబ్బీ.
వానకూ వానకూ నడుమ ఉండేదాన్ని తీసేసినాడు."

పాలకొడిసె పలక తెచ్చుకున్నాడు.
రోజుకు నాలుగు చినుకులు.
ఒకటి విరిగితే అంతా సాపు చేసి
మళ్లీ మొదటినుంచి.
బయట శెనక్కాయ చేలు
ఊడలు దిగక వాడుతున్నాయి,
లోపల ఆయన ఒళ్లో పొట్టు పడుతోంది.

చవితి దాటినాక మసి పూసి
తడి కాగితం కప్పి
గుడ్డ చుట్టిన పీచుతో రుద్దినాము.
వాన పడింది.
ఏటవాలు మాత్రం తిరగబడింది.
యాభై ఏళ్లు అద్దంలో రాసిన చెయ్యి
వాన కాడ మర్చిపోయింది.

వంతెన లేదు. గొడుగుల్లేవు.
మనుషులు ముగ్గురు, మొగాలెత్తి నిలబడినారు.
"పరిగెత్తరా?" అన్నాడు అయ్యవారు.
"ఈడ వానొస్తే
ఎవడు పరిగెత్తుతాడు సామీ?"

దండెం మీద ఆరేసినాము.
ఆ ఎండలో కూడా
చానాసేపు ఆరలేదు.