చుట్టకుదురు

పూర్ణా మార్కెట్ వెనక సందులో, మెట్ల కింద
నా డీటీపీ షాపు.
పెళ్లికార్డులు, అద్దె ఒప్పందాలు,
తప్పిపోయిన మార్కుల లిస్టుకి అఫిడవిట్లు.
ఇరవై రెండేళ్లుగా ఊరి మాటలు కొట్టిన వేళ్లు.

వేట నిషేధం మొదలైన మూడో రోజున
పెదజాలారిపేట నుంచి వాసుపల్లి పరదేశమ్మ వచ్చింది.
తట్టలో చేపల్లేవు.
పదకొండు నోటుపుస్తకాలు, కొన్ని వేలం చీటీల వెనకవైపులు,
అన్నిటినీ కలిపి కట్టిన వలదారం.
"నవల బాబూ. ఆడోలు ఏలే దేశం. పేజీకెంత?"
పాతిక అన్నాను.
పదహారుకి ఎలా దిగానో ఇప్పటికీ తెలీదు.

పుస్తకం తెరిస్తే ఉప్పు వాసన.
రెండో అధ్యాయంలో ఒక పొలుసు
ఫుల్‌స్టాపులా అతుక్కుని ఉంది.

ఆ దేశంలో సింహాసనం బోర్లించిన తెప్ప.
కిరీటం బంగారం కాదు, చుట్టకుదురు:
పాత చీరపీలిక మెలితిప్పి నెత్తిన పెడతారు,
దాని మీద రాజ్యాన్ని పెడతారు.
బరువు దించితే కుదురు జారిపోతుంది. అదే చట్టం.
డాల్ఫిన్ నోస్ అక్కడ కొండ కాదు,
వెల్లకిలా పడుకున్న పెద్దామె ముఖం.
లైట్‌హౌస్ ఆమె ముక్కుపుడక.
రెక్కలు విప్పిన టేకుచేపల వీపునెక్కి
ఎర్ర నూకి, ఒంటికన్ను కొర్లమ్మ
మబ్బుల్లోకి యుద్ధానికి పోతారు.
తుఫానుకి కప్పం కట్టరు,
తుఫాను చేతే కట్టించుకుంటారు.

నవ్వుకుంటూ కొట్టాను.
రాణి అనబోయి రెండుసార్లు రాజు పడింది.
వేళ్ల అలవాటు.

తొమ్మిదో పుస్తకంలో కొలువు.
మగవాళ్లు వరుసగా నిలబడ్డారు, చేతుల్లో అర్జీలు.
ఒకడన్నాడు: "అమ్మా, ఏటికవతల మా అక్క ఉంది,
రెండ్రోజులు పోయొస్తాను."
రాణి చేపముల్లుతో పళ్లు కుట్టుకుంటూ
అతనివైపు తిరక్కుండానే
"చూద్దాం" అంది.

అక్కడ నా వేలు ఆగింది.
కరెంటు పోలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది.
పోయిన మంగళవారం భ్రమర
గాజువాకలో చెల్లెలింటికి వెళ్తానంటే
టీవీ వైపు చూస్తూ నేనన్న మాట.
అంతకుముందు దసరాకీ అదే.
ఈ చేపలావిడకి ఎవరు చెప్పారు?

ప్రూఫులకి వచ్చినప్పుడు అడిగాను,
"మీ రాణి మరీ కఠినం కదమ్మా,
ఆడవాళ్లు ఏలితే లోకం చల్లగా ఉంటుందనుకున్నాను."

కాగితం దూరంగా పెట్టి చదువుతూ అంది:
"మంచోలని నానెక్కడ రాసినాను బాబూ?
ఏలతన్నారని రాసినాను."

వెళ్లబోతూ మెట్ల దగ్గర ఆగింది.
"ఆ కుదురు మా అత్తది.
ఇరవయ్యేళ్లు నా నెత్తినుండీది.
తరవాత కోడలి నెత్తిన నానే ఎట్టినాను.
ఎడతన్నప్పుడు ఆ పిల్ల మెడేపు సూడలేదు."

ఆ మాట నవలలో లేదు.
ఏ పేజీలో కలపాలో అడిగేలోపు
ఆటో ఎక్కేసింది.

జూన్ పద్నాలుగు అర్ధరాత్రి నిషేధం తీరింది.
బోట్లన్నీ వెళ్లాయి.
పదకొండో పుస్తకం చివర
యుద్ధం సగంలో ఉంది. కొర్లమ్మ గాల్లోనే ఉంది.
మిగతాది తెస్తానన్న మనిషి
ఇప్పుడు ఫిషింగ్ హార్బర్లో
వేలంపాట మధ్య గొంతు చించుకుంటూ ఉంటుంది.

ఇంటికెళ్లి భ్రమరతో వెళ్లిరా అన్నాను.
"ఎక్కడికి?" అంది.
నిజంగానే మర్చిపోయిందో
మర్చిపోయినట్టుండడం ఎప్పుడో నేర్చుకుందో.
గాజువాక అన్నాను.
గిన్నె తోముతూ, నా వైపు చూడకుండా
"చూద్దాం" అంది.

వరండాలోకొచ్చి నిలబడ్డాను.
దూరంగా ముక్కుపుడక
ఒకసారి మెరిసి, చీకటైంది.
మళ్లీ మెరిసేదాకా
కొండ కదులుతుందేమోనని చూశాను.