శ కింద శ

రాత్రి పదిన్నరకి నాలుగో పేజీ వచ్చింది.
చిక్కడపల్లి సందులో మా ప్రెస్సు మేడ మీద
ఫ్యాను తిరిగితే ప్రూఫులు ఎగిరిపోతాయని
మే నెలలో కూడా ఆపేసే కూర్చుంటాం.

"మంచిగ చూడు కృపమ్మా, ఒక్క అంకె తప్పితే కేసులైతయ్"
అని బల్ల మీద పెట్టి పోయాడు ముత్యాలు.
లోపలివాళ్లెవరో బయటపెట్టిన జాబితా.
చాటుగా విన్న ఫోన్లు ఆరొందల పన్నెండు.
ఎవరి నంబరు, ఏ తేదీ, ఎన్ని నిమిషాలు,
చివర్న 'విషయం' అని సన్నటి గడి.

ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే.
అర్థం చదవను, అక్షరం చదువుతాను.
చావు వార్తలో కూడా ముందు కామా చూస్తాను.
అందుకే మూడొందల నలభై ఒకటో వరసలో
నా సొంత నంబరుని
అంకె అంకెనీ పెన్సిలు మొనతో పొడిచి
సరిపోయిందని టిక్కు పెట్టి
కింది వరసకి పోయాను.

తర్వాత వెనక్కొచ్చాను.

పదకొండు వరసలు నావి.
'అక్కతో. మోకాలి నొప్పి. ముఖ్యం కాదు.'
'గ్యాసు బండ. ముఖ్యం కాదు.'
'స్నేహితురాలితో. నల్లా ఇంకా రాలేదు అన్నది.
నల్లా ఎవరు? విచారించాలి.'

నవ్వొచ్చింది. పైకే నవ్వాను.
పాపం, ఈ ఊరికి కొత్తేమో.
రోజు విడిచి రోజు, తెల్లారగట్ల నాలుగింటికి
బిందెలు పెట్టుకుని మేం ఎదురుచూసే మనిషిని
ఎన్నాళ్లు వెతికాడో,
ఏ బస్తీలో ఎవర్ని నిలబెట్టి అడిగాడో.
మా అక్క మోకాలు వింటూ వింటూ
ఏ గదిలో, ఏ డబ్బాలోంచి
పెరుగన్నం తిన్నాడో.

దాని కింది వరస:
'అదే స్నేహితురాలు. రాత్రి 1.40.
నిశబ్దం. నాలుగు నిమిషాలు.'

వహీదా.
నీలోఫర్ ఆస్పత్రి మెట్ల మీద నుంచి చేసింది,
మూడోసారి కడుపు పోయిన రాత్రి.
అత్తకి తెలియదు, అన్నకి తెలియదు.
నాకూ తను చెప్పలేదు, నేను అడగలేదు.
ఊపిరి విన్నాను.
అంబులెన్సు ఒకటి లోపలికి రావడం విన్నాను.
ఆ నాలుగు నిమిషాల్లో ఇద్దరమే ఉన్నామని
ఇన్నాళ్లూ అనుకున్నాను.
మూడో మనిషి
గడియారం చూసుకుంటున్నాడు.

నా చెయ్యి దానంతటదే లేచి
శ కింద ఇంకో శ పెట్టింది.
"అట్ల దిద్దొద్దు" అన్నాడు ముత్యాలు.
"కాయితం ఎట్లుంటే అట్లనే అచ్చేయాలె.
తప్పులు వాళ్లయి, వాళ్లకే ఉండనీ."
"అయితే ఆ వరసే తీసెయ్."
"ఒకటి తీస్తే, మొత్తం మేం అల్లినమంటరు."

నిజమే. చెడ్డవాడు కాదు ముత్యాలు.
ఊరందరికీ తెలియాల్సిన సంగతే ఇది.
నేను రిపోర్టరునైతే నేనూ అదే అందును.
దొంగ చెవి విన్నదాన్ని
ఊరంతటికీ వినిపిస్తే తప్ప
దొంగని చూపించలేం.
ఈ వాక్యంలో తప్పుంది.
ఎక్కడుందో ఎంత చూసినా
నాకు దొరకలేదు.

పన్నెండింటికి వహీదాకి ఫోన్ చేశాను.
అడగాలి కదా, అది తనది.
మొదటి రింగుకే ఎత్తింది.
"ఏమైందే? నల్లా వచ్చిందా?"
"ఇంకా రాలే" అన్నాను.
చెప్పాలనుకున్నది గొంతు దాకా వచ్చి
ఇంకెవరి చెవిలో పడుతుందోనని ఆగింది.
తనూ ఆగింది.
ఎక్కడో చిన్న చప్పుడు.
లైన్లో కావచ్చు, గోడ మీద బల్లి కావచ్చు.

"వస్తున్నా" అన్నాను, "తలుపు తియ్."

ఒంటిగంటన్నరకి యంత్రం తిరుగుతుంది.
ఈలోపు మలక్‌పేట పోయి రావాలి, ఆటో దొరకాలి.
ముత్యాలు సరే అనలేదు, కాదనీ అనలేదు,
గోడ గడియారం చూశాడు.
పేజీ నా బల్ల మీదే ఉంది
ఎగరకుండా పైన చాయ్ గ్లాసు పెట్టి,
ఒక్క వరసకి టిక్కు లేకుండా.
శ కింద శ
ఇంకా చెరపలేదు.