సెగ

చీమకుర్తిలో రాళ్ళకి కరువు లేదు.
క్వారీ లారీ మలుపు తిరుగుతూ జారవిడిచిన నల్లపలక
పన్నెండేళ్ళుగా మా పెరట్లో గుడ్డలుతికే బండ.
ఇవాళ దాన్ని పీచేసి రుద్ది కడిగాను.
లోపలి వెండిచుక్కలు ఎండకి ఒక్కసారి కళ్ళు తెరిచాయి.

జక్రయ్యకి షుగరు మూడొందల పది.
ఎడమకాలి చిటికెనవేలు ఒంగోలు ఆసుపత్రిలోనే వదిలేసి వచ్చాడు.
మా అక్క కొడుకు ఫోను చూసి చదివాడు:
"పేలియో అంట బాబాయ్, రాతియుగం తిండి.
అన్నం లేదు, రొట్టె లేదు, పప్పు లేదు, పాలు లేవు,
బెల్లం ఊసే ఎత్తకూడదు."
"ముప్పై ఏళ్ళు రాయి కోసినోడికి
మళ్ళీ రాతియుగం ఏందిరా," అని నవ్వాడు ఆయన.
నవ్వి, అన్నం గిన్నె వైపు చూశాడు.

తెల్లారుతూనే పోలయ్య దొడ్డికాడికి పోయి
డొక్క పట్టీ విడగొట్టకుండా ఇమ్మన్నాను.
"ఎముకలకి ఇంత గిరాకీ ఎప్పటినుంచమ్మే," అన్నాడు.
మా అమ్మకైతే కొసరుగా పడేసేవాళ్ళు,
ఆకులో చివర, లెక్కలో లేకుండా.
నేను లెక్కపెట్టి తెచ్చుకున్నాను. పదమూడు.

వెనకవైపు పల్చటి పొర ఒకటుంటుంది.
గోరు దూర్చి, గుడ్డతో పట్టి, ఆగి ఆగి లాగాలి.
రోజూ ఆయన కాలికట్టు విప్పే చేతులు కదా,
చిరగకుండా వచ్చేసింది.

చినగంజాం రాళ్ళుప్పు, దంచిన ఎండుమిరప,
మిరియం, వెల్లుల్లి, చింతపండు గుజ్జు చిక్కగా.
బెల్లం డబ్బా మీదికి చెయ్యి దానంతటదే పోయింది.
వెనక్కి తీసుకున్నాను.
ఇక తీపికి ఉల్లిపాయలే దిక్కు.
సన్నసెగన గంటసేపు ఉంచితే
ఎర్రబడి, మెత్తబడి
తమలో దాచుకున్నది ఒప్పేసుకుంటాయి.

చిల్లకంపది ఆత్రపు మంట.
అది ఎగిరెగిరి అలిసి బొగ్గయ్యేదాకా ఆగి
బొగ్గులు ఒక పక్కకి, మాంసం ఇంకో పక్కకి,
పైన నల్లపలక, సందుల్లో తడిమట్టి.
"పగులుద్దేమో," అన్నాను.
"తొందరపెడితే పగులుద్ది.
నిదానంగా కాగితే ఏం కాదు. రాయి సంగతి నాకు చెప్పమాక."

అన్న మనిషే
మూడుసార్లు మూత ఎత్తబోయాడు.
మధ్యాన్నం బ్లాస్టింగు సైరన్ కూసింది.
పనిమానేసి ఏడాదయినా
ఆయన చేతులు వాచీ వైపు పోయాయి, తర్వాత చెవుల మీదికి.
కొవ్వు బొట్లు బొట్లుగా బూడిదలో పడి చుయ్యిమంటోంది.
ఎదురింటి మేష్టారు కిటికీ మూశాడు.
కాసేపటికి తెరిచాడు.

ఆరో గంటకి మట్టి చిట్లగొట్టి పలక దించాం.
పొట్టైపోయిన చొక్కాలోంచి మణికట్టు బయటికొచ్చినట్టు
కండ పైకి జరిగి ఎముక కొసలు కనపడుతున్నాయి.
లాగే పనిలేదు,
అడిగితే వచ్చేస్తోంది.

ఏడు ఆయన తిన్నాడు. రెండు గోడమీదుగా రోశమ్మకి.
తిన్న ఎముకల్ని పళ్ళెం అంచున వరసగా పేర్చాడు,
నంబర్లెయ్యాల్సిన బ్లాకుల్లా.
"బాగుంది," అన్నాడు.
పెళ్ళయ్యాక నా వంటని ఆ మాట అనడం ఇది రెండోసారి.
మొదటిసారి జ్వరంలో.

అప్పుడు నేను లోపలికి పోయి తలుపు చాటున
గిన్నె చప్పుడు కాకుండా
మధ్యాన్నం దాచుకున్న గుప్పెడన్నం తీసి
మాంసం రసం పోసి కలుపుకున్నాను.
బయటినుంచి ఆయన గొంతు:
"గంజి పారబొయ్యమాక,
మల్లెచెట్టుకి పొయ్యి."

ముద్ద గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

రాత్రి పదింటికి కూడా పలక వెచ్చగానే ఉంది.
దానికి పాదాలు రెండూ ఆనించి కూచున్నాడు.
"కాలటంలా?"
"కుడికాలికి హాయిగా ఉంది.
ఎడమది ఏం చెప్పటంలా."
నేను వంగి
ఆ పాదాన్ని రెండు చేతుల్తో ఎత్తి
ఇవతల చల్లటి నేలమీద పెట్టాను.