వెన్ను తప్ప

వారం నుంచి వాన.
తడి రెల్లు మీద నిచ్చెన నిలవదు.
కాలెన్‌బర్గ్ కాలవలో కట్టేసిన నా పడవలో
కట్టలు కట్టలుగా పని నానుతోంది.
నేను వంటింటి బల్ల దగ్గర,
పదకొండు పేజీల బీమా దరఖాస్తు ముందు.

పేరు: వీట్స్కే.
వృత్తి: ఇళ్లకు రెల్లు కప్పడం.
ఎత్తు: తొమ్మిది మీటర్ల దాకా.
పొగ తాగుతారా? తాగను.
ఎండు రెల్లు మీద కూర్చుని అగ్గిపుల్ల గీసేంత
తెలివితక్కువదాన్ని కానని రాయడానికి
అక్కడ చోటు లేదు.

కాలు జారితే తీసుకోవచ్చన్న మనిషి
ఎన్నడూ కప్పెక్కి ఉండడు.
నాకు పని నేర్పిన హార్మ్ ఎక్కాడు, నలభై ఏళ్లు.
మార్చిలో ఓ పొద్దున, మంచు కరగని చూరు మీద
ఒకే ఒక్కసారి జారాడు.
తుంటి అతుక్కుంది. మోకాలు మడత పడదు.
అతని పాలసీలో ఒక వాక్యం ఉంది:
'ఏ పనీ చేయలేకపోతే.'
కంపెనీ డాక్టరు కుర్చీ వేసి కూర్చోమన్నాడు.
కూర్చున్నాడు.
అంతే, కూర్చోగలడని రాసుకున్నారు.
ఇప్పుడు హార్మ్ పడవల రేవులో టికెట్లు చింపుతాడు.
అవతలి గట్టు మీది కప్పు చూపించి
ఎవరు వేశారో ఎంత అందంగా ఉందో అంటారు వచ్చినవాళ్లు.
అతను చిల్లర లెక్కపెడతాడు.

అందుకే డబ్బు కంటే ముందు ఆ వాక్యం వెతికాను.
'మీ పని చేయలేకపోతే' అన్న కాగితం
మూడో కంపెనీలో దొరికింది.
ఒక్క అక్షరం మారినందుకు
నెలకి నలభై యూరోలు ఎక్కువ.
ఇస్తాను.

ఎన్నాళ్లు ఆగగలరు?
ముప్పై రోజులా, తొంభయ్యా, ఏడాదా?
ఆగేకొద్దీ ప్రీమియం తగ్గుతుందట.
ఓపికకు ఎవరైనా వెల కట్టడం ఇదే చూడటం.
తొంభై రోజులంటే రెల్లుకోత మొదలై ముగిసేంత.
బ్యాంకులో ఉన్నది, కొట్టంలో కట్టెలు, ఫ్రీజర్లో చిక్కుళ్లు,
అక్క ట్యెర్కేని అడగగలిగినంత,
అడగలేనంత,
అన్నీ కూడి తొంభై దగ్గర గుర్తు పెట్టాను.

ఏడో పేజీ.
గత ఐదేళ్లలో వెన్నునొప్పి?
నిరుడు చలికాలం మూడుసార్లు
ఫిజియో దగ్గర బోర్లా పడుకున్నాను.
నాకూ ఆమెకూ తప్ప ఎవరికీ తెలియదు.
పెన్ను చాలాసేపు 'లేదు' మీద నిలబడింది.
వానలో కొంగ నిలబడ్డట్టు.
తర్వాత 'ఉంది' అని రాశాను.
పడ్డాక పట్టుబడటం కంటే
నిలబడి ఉండగా ఒప్పుకోవడం నయం.

పదహారు రోజులకు ఏజెంటు రూలోఫ్ ఫోను.
శుభవార్తే, అన్నాడు.
చేతులకు ఉంది. కాళ్లకు, కళ్లకు, గుండెకు, మనసుకు ఉంది.
వెన్ను తప్ప.

రూలోఫ్,
నడికొప్పు వదిలేసి మిగతా ఇల్లు కప్పుతానంటే
నాకు డబ్బిస్తావా?

నవ్వాడు. పాపం, అతనేం చేస్తాడు.
మూడేళ్లు నొప్పి లేకుంటే మళ్లీ చూస్తారట.
ఆ మాట కాగితం మీద పెట్టించి సంతకం చేశాను.

మిగిలిన వెన్నుకోసం
గురువారం రొట్టె నిధి వాళ్ల దగ్గరికి వెళ్లాను.
నలభై ఒక్కమంది. గుర్రాలకు లాడాలు కొట్టేవాడు,
పియానో టీచరు, ఈల్ చేపలు పొగబెట్టే అన్నదమ్ములు.
ఎవరు మంచం పట్టినా మిగతావాళ్లు నెలనెలా
తలా కొంత వేస్తారు. రెండేళ్లే. ఆ పైన లేదు.
నా వెన్ను సంగతి అడగలేదు.
కాఫీలో పాలు పోయమంటారా అని అడిగారు.

ఈ పొద్దున ఎండ.
పడవ నడుపుతూ వెనక్కి తిరిగితే మా ఇల్లు కనబడింది.
ఊరందరికీ రెల్లు కప్పేదాన్ని,
నా ఇంటి మీద మాత్రం ఎర్ర పెంకులు.
రెల్లు కప్పుకు అగ్గి బీమా
మరీ ఎక్కువ అడిగారు.